ఇంటి కప్పెక్కి దీవికెళ్ళొచ్చిన ఎరోని

"గాలంటే అదిరా! ఇప్పుడు రేడియోలో గొంతు చించుకుంటున్నారే, ఇదీ ఒక గాలేనా? నేను ఆవలిస్తే ఇంతకంటే ఎక్కువొస్తుంది," అన్నాడు ఎరోని. తాగేసిన కొబ్బరి చిప్పని మానోవా చేతిలో పెట్టి మీసం తుడుచుకున్నాడు.

చాప మీద కూర్చున్న వాళ్ళంతా అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు. లివాయ్ కూడా కొట్టాడు. కొడుతూనే తన బుద్ధికి తనే నాలుగు తగిలించుకున్నాడు, ఎందుకంటే ఈ కూర్చోవడం అంతా వాడు తెచ్చిపెట్టిందే.

వైతోగా ఊరి వ్యవహారాలు చూసే పని లివాయ్‌ది. తుఫాను చీకటి పడేలోగా తీరం తాకుతుందనీ, నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊళ్ళన్నీ ఖాళీ చెయ్యమనీ రాజధాని సువా నుంచి రేడియో పొద్దుటి నుంచీ మొత్తుకుంటోంది. వైతోగాలో నేలకీ సముద్రానికీ పెద్ద తేడా లేదు. ఎక్కాల్సింది కొండ మీది బడికి. మధ్యలో వాగు, వాగు మీద ఒక్కటే చెక్క వంతెన. మామూలు రోజుల్లోనే పోటు వచ్చిందంటే నీళ్ళు పలకల్ని నాకుతాయి. ఇవాళ గాలి తోస్తుంటే సాయంత్రానికల్లా వంతెన కనబడదు, ఆ తర్వాత ఇవతల ఉన్నవాడు ఇవతలే.

చెయ్యాల్సిన పనులన్నీ ఊరు చేసేసింది. కర్రపెండలం మొక్కల్ని గాలి వేళ్ళతో పీకెయ్యకుండా మోకాలెత్తుకి నరికేశారు. పడవల్ని మడ చెట్లలోకి తోసి కట్టేశారు. పందుల్ని విప్పి వదిలేశారు. ఆడవాళ్ళు మూటలు కట్టుకుని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని చర్చి మెట్ల మీద కూర్చున్నారు. లివాయ్ భార్య కూడా అక్కడే ఉంది, నెలల పాపని ఎత్తుకుని. కదలాల్సింది ఒక్క ఎరోని. ఊళ్ళో పెద్దింటికి పెద్దవాడు. విందులో మొదటి ముద్ద ఆయనది, చర్చిలో మొదటి అడుగు ఆయనది. ఆయన కదలకుండా ఇంకొకరు వంతెన ఎక్కితే అది ఆయన్ని కాలితో తన్నినట్టే.

అలాంటి పెద్దమనిషిని 'లేవండి, పోదాం' అని వట్టి చేతులతో అడుగుతారా? అడగరు. అందుకని లివాయ్ ఇంట్లో ఉన్న, దంచి తాగే మంచి యంగోనా వేళ్ళ కట్ట తీసుకుని, మోకాళ్ళ మీద లోపలికొచ్చి, ఎరోని ముందు పెట్టి, "పెదనాన్నా, ఊరు మీ వెనకాల నడవాలని చూస్తోంది," అని మర్యాదగా మనవి చేసుకున్నాడు. ఎరోని కట్టని చేత్తో తాకి, "సంతోషం రా అబ్బాయ్. దంచండి," అన్నాడు.

అక్కడే లివాయ్‌కి తన తప్పు తెలిసొచ్చింది. ఇచ్చిన వేరు దంచాలి, దంచింది నీళ్ళలో పిసకాలి, పిసికిన గిన్నె ఖాళీ అయ్యేదాకా ఒక్కడూ లేవకూడదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే, కంగారులో మతికి రాలేదు. మర్యాదగా లేపుదామని వచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు.

"పాతికేళ్ళ కిందటి పెద్ద గాలి నాడు నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదు," అని ఎరోని మొదలుపెట్టాడు. "నిజం చెప్పుకోవాలి గదా. అందరూ ఇళ్ళొదిలి కొండెక్కేశారు. నాకు మనసొప్పలేదు. మా నాన్న కట్టిన ఇల్లు, దిక్కులేనిదాన్లా వదిలేసి పోతామా? పడవ తాడు తీసుకుని కప్పు మీంచి వేసి, ఈ కొస ఒక గుంజకీ ఆ కొస ఒక గుంజకీ కట్టాను. అంతే. అది ఎవరైనా చేస్తారు."

"చేస్తారు, చేస్తారు," అన్నాడు పెనాయా. ఎరోనికి తమ్ముడి వరస, పళ్ళు ఊడిన పెద్దమనిషి. పెద్ద గాలి నాడు అన్నీ కళ్ళతో చూసినవాడే. అయినా అన్నగారి మాటకి అడ్డం వెళ్ళడం ఆ ఇంటా వంటా లేదు. అందుకని గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలికి గుంజ ఊడింది! ఊడి ఎటు పోయిందో కూడా తెలీదు. తాడు కొస గాల్లో పాములా కొట్టుకుంటోంది. గభాల్న పట్టేసుకున్నా. ఇంక గుంజా నేనే, మనిషీ నేనే. పట్టుకుని నిలబడ్డా. ఎంతసేపని నిలబడతాం, ఆకలేస్తుంది గదా, కుడి చేత్తో తాడు పట్టుకుని ఎడమ చేత్తో కర్రపెండలం చెక్కు తీశాను."

"ఒంటి చేత్తోనా?" అన్నాడు మానోవా. పెద్ద గాలినాటికి వాడు చంటిపిల్లాడు. ఇద్దరు పిల్లల తండ్రయినా పెదనాన్న కథంటే ఇప్పటికీ నోరు తెరుచుకుని కూర్చుంటాడు.

"ఒంటి చేత్తో! తీసి పొయ్యి మీద పడేశా. ఉడుకుతోంది. ఇంతలో కాళ్ళకి చల్లగా తగిలింది. ఏంటా అని చూస్తే సముద్రం. గడప దాటి లోపలికొచ్చేసింది, అడిగి రావాలన్న ఇంగితం లేదు. పీకల్దాకా వచ్చింది. సరే రానీ అనుకున్నా. ఆ నీళ్ళలో వంటింటి వైపు నుంచి ఒక రెక్క తేలుకుంటూ వస్తోంది. సొరచేప! ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. నాకు చేతులు ఖాళీ లేవు. ఏం చేస్తాను? 'ఒసేయ్, ఇది పెద్దింటి వంటిల్లు, ఇక్కడ ఆడవాళ్ళు వడ్డించందే ఎవరూ ముట్టుకోరు' అని గట్టిగా కసిరా. సిగ్గుపడింది. ఒక మూలకి పోయి తోక ముడుచుకుని పడుకుంది. పాపం అనిపించి ఉడికిన దుంపొకటి పడేశాను."

"తిందా?"

"తినకేం! ఇంకోటి అడిగింది."

అందరూ నవ్వారు. లివాయ్‌కి నవ్వు రాలేదు. గుమ్మంలోంచి చూస్తే కొబ్బరాకులన్నీ ఒకే వైపు దువ్వినట్టు వంగి ఉన్నాయి. ఆకాశం కొండ వెనక నుంచి నల్లబడుతోంది. ఎరోని కూడా అటే చూస్తున్నాడని లివాయ్ గమనించాడు. ప్రతి మాట తర్వాతా ఆయన కళ్ళు ఒకసారి గుమ్మం దాకా పోయి వస్తున్నాయి.

అప్పుడు లివాయ్‌కి విషయం అర్థమైంది. పెదనాన్నకి వెళ్ళాలనే ఉంది. కానీ పాతికేళ్ళ పాటు ఏడాదికొక జాన చొప్పున కథ పెంచుకుంటూ వచ్చాడు. సొరచేపని కసిరినవాడు, ఇల్లు ఒంటి చేత్తో పట్టుకున్నవాడు, ఇప్పుడు మూట పట్టుకుని ఆడవాళ్ళతో కలిసి బడికి పోతే మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఎటూ పోలేక అక్కడే కూర్చున్నాడు. ఆయనతో పాటు ఊరూ కూర్చుంది. లివాయ్‌కి కోపం వచ్చింది, జాలీ వేసింది, రెండిటి కంటే ఎక్కువగా భయం వేసింది.

"పెదనాన్నా, పోటు మొదలైనట్టుంది," అన్నాడు మెల్లగా.

"మొదలవనీ. దానికి నేను తెలుసు, నాకు అది తెలుసు. ఎక్కడున్నాం? ఆఁ, గాలి ఇంకా పెరిగింది. తాడు నా చేతిలోనే ఉంది. కప్పు లేచింది. కప్పుతో పాటు తాడు లేచింది, తాడుతో పాటు నేనూ లేచాను. వదిలేద్దామా అనుకున్నా, కానీ కొత్త రేకులు, అంత తేలిగ్గా వస్తాయా? తాడు పట్టుకుని పాక్కుంటూ కప్పెక్కి గుర్రమెక్కినట్టు కూర్చున్నా. ఊరు దాటింది, మడ చెట్లు దాటింది, సముద్రం మీదకొచ్చేసింది. కింద అలలు, పైన నేను. మధ్యలో రెండు కోళ్ళు, అవి ఎక్కడ ఎక్కాయో నాకు తెలీదు. అలా పోయి పోయి ఎక్కడ దిగానో చెప్పుకోండి?"

"ఎక్కడ?"

"కందావు దీవిలో!"

మానోవా ఎగిరినంత పని చేశాడు. "కందావా! పడవలో పోతేనే ఒళ్ళు హూనమైపోతుంది!"

"పడవకి మలుపులుంటాయిరా, కప్పుకేముంది? తిన్నగా పోతుంది. దిగేసరికి గాలి టక్కున ఆగిపోయింది. తుఫానుకి మధ్యలో కన్నుంటుందంటారే, ఆ కన్ను. ఎండ కూడా కాసింది. కందావు వాళ్ళు మర్యాదస్తులు, చాప వేశారు, కొబ్బరి పాలలో ఉడికించిన చేప పెట్టారు. తిన్నాను. ఇంకాస్త తినమన్నారు. 'లేదమ్మా, ఇప్పుడే తిరుగు గాలి వస్తుంది, తప్పిపోతే మళ్ళీ దొరకదు' అని వచ్చి కప్పెక్కి కూర్చున్నా. అన్నట్టుగానే వచ్చింది. పోయేటప్పుడు ఎటు వీచిందో, వచ్చేటప్పుడు దానికి సరిగ్గా ఎదురు వీచింది. నన్ను తెచ్చి మా ఇంటి గోడల మీదే దింపింది. ఏ మేకు ఆ కన్నంలోనే దిగింది. ఒక్క మేకు మాత్రం జానెడు పక్కకి పడింది. మా ఇల్లు ఆ మూల కారుతుందే, అందుకే!"

"నేనింతకాలం రేకు పాతదైపోయి కారుతోందనుకున్నా," అన్నాడు పెనాయా, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా.

మానోవా తొడ చరుచుకున్నాడు. "ఇంక నాకు బెంగ లేదు పెదనాన్నా. మా ఆవిడ చర్చి మెట్ల మీద గడగడలాడుతూ కూర్చుంది. పిల్లల్ని తీసుకుని ఇక్కడికే వచ్చేయమంటా. మీరుండగా ఆ బడి ఎందుకు, ఆ ఇరుకెందుకు? రాత్రికి ఇక్కడే పడుకుంటాం."

ఎరోని మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ తర్వాత అలవాటే గెలిచింది. "రండి రండి," అన్నాడు. "ఒరేయ్ లివాయ్, గిన్నె అడుగంటింది. ఆ పిప్పిలోనే ఇంకాస్త నీళ్ళు పోసి పిసుకుదాం. ఒక బకెట్ తీసుకురా."

ఇంకో బకెట్ అంటే ఇంకో గిన్నె. ఇంకో గిన్నె అంటే వంతెన మీద నీళ్ళు. లివాయ్ బకెట్ తీసుకుని మోకాళ్ళ మీద బయటికొచ్చి, గుమ్మం దాటగానే లేచి పరుగు తీశాడు. పంపు దగ్గరికి కాదు, చర్చి మెట్ల దగ్గరికి, లితియా పిన్ని కోసం.

లోపల కూర్చున్న వాళ్ళలో ఎరోనిని ఒక్క మాట అనగలిగే వరస ఎవరికీ లేదు. కొడుకు వరస వాళ్ళు అనకూడదు, తమ్ముడు అనకూడదు. అనగలిగేది బావామరదళ్ళే. వాళ్ళు ఎంత మాటైనా అనొచ్చు, ఎంత వెక్కిరించినా పడినవాడు నవ్వాల్సిందే, కోపం తెచ్చుకుంటే ఊరంతా వాణ్ణే తప్పుపడుతుంది. లితియా ఎరోనికి మేనమామ కూతురు. ఆ ఊరికే కోడలై వచ్చింది. మొగుడు పోయాక ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదని ఊళ్ళో పేరు.

లివాయ్ రొప్పుతూ సంగతంతా చెప్పాడు. మానోవా పిల్లల్ని పిలిపిస్తున్నాడన్న మాట వినగానే ఆమె ఒళ్ళోని మూట కింద పెట్టింది.

"ఎంతదాకా వచ్చాడు కథలో?"

"కందావు వెళ్ళి భోంచేసి తిరిగొచ్చేశాడు."

"ఈ ఏడు భోజనం కూడా పెట్టారూ!" అంది. "ఆ బకెట్ ఇలా ఇవ్వు."

"నీళ్ళు పట్టాలి పిన్నీ."

"నీళ్ళెందుకురా పిచ్చి సన్నాసీ, వాటి కోసమేగా మీ పెదనాన్న కూర్చుంది," అని ఖాళీ బకెట్ ఊపుకుంటూ బయల్దేరింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఎరోని అల దాకా వచ్చాడు. కొండంత అల ఊరి మీదకి వస్తుంటే ఆయన ఒడ్డున నిలబడి వేలు చూపించి, "ఈ రాయి దాటావో చూడు," అన్నాడట. అల ఆలోచించిందట. లితియా లోపలికొచ్చి బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.

"నీళ్ళేవే?" అన్నాడు ఎరోని.

"కంగారేం, అవే వస్తున్నాయి. నువ్వు కానీ బావా. అల ఆలోచించింది, ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది, వెనక్కి తిరిగి పోయింది. పోతూ పోతూ క్షమించమంది."

"మంచి అల," అంది లితియా. "అంతా బాగుంది గానీ నాకొక అనుమానం. ఇవన్నీ నువ్వు బడికి వెళ్ళక ముందు చేశావా, వెళ్ళాక చేశావా?"

"ఏ బడికి?"

"కొండ మీది బడికే. ఆ రోజు పొద్దున మేమింకా పొలంలో దుంపలు తవ్వుకుంటున్నాం. గాలీ లేదు, వానా లేదు, ఆకు కదలట్లేదు. తలెత్తి చూద్దును గదా, వంతెన మీద నువ్వు! నెత్తి మీద చాప, చంకలో దిండు. వెనకాల మా అక్క పరిగెత్తుకొస్తూ, 'ఆగవయ్యా మగడా, పిల్లల్ని మర్చిపోయావు!' అని ఒకటే కేకలు."

పెనాయా ఇంక ఆగలేకపోయాడు. నోట్లో ఉన్న యంగోనా ముక్కులోంచి వచ్చింది. పక్కవాడు వీపు చరిచాడు, చరుస్తూ వాడూ పడీ పడీ నవ్వాడు. మానోవా మాత్రం ఒకసారి పెదనాన్ననీ ఒకసారి పిన్నినీ చూస్తూ ఉండిపోయాడు.

"అది దిండు కాదే," అన్నాడు ఎరోని. "అది... తాడు."

"తాడుకి పువ్వులు కుట్టి ఉంటాయా బావా? మేం బడికొచ్చేసరికి ఆ తాడు మీద తల పెట్టుకుని గురక పెడుతున్నావు. గాలి చప్పుడు మాకు వినబడితే ఒట్టు!"

ఈసారి ఇల్లు దద్దరిల్లిపోయింది. ఎరోని కూడా నవ్వాడు, నవ్వక తప్పదు గనక. కానీ చెవులు ఎర్రబడ్డాయి. లివాయ్‌కి ఆ బడి గుర్తుంది. వాడప్పుడు ఆ దిండు పక్కనే పడుకున్నాడు. పెదనాన్న గురక వింటుంటే ఇంక ఏమీ కాదులే అనిపించి నిద్రపోయాడు. ఈ మాట వాడెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

నవ్వులు తగ్గాక లితియా గొంతు మారింది.

"వెక్కిరించడం నా హక్కు, వెక్కిరించాను. ఇప్పుడు ఇది కూడా విను బావా. ఆ రోజు మా మామగారు చస్తే కదలనన్నాడు. ఇల్లొదిలి పోవడం పిరికితనం అన్నాడు. నువ్వు దిండేసుకుని వంతెన దాటడం చూసి, 'పెద్దింటివాడే పోతుంటే నాదేముంది,' అని కర్ర పట్టుకుని లేచాడు. ఆయన లేస్తే వీధి లేచింది. వీధి లేస్తే ఊరు లేచింది. మానోవా, నిన్ను మీ అమ్మ చంకనేసుకుని నా ముందే నడిచింది. నా కడుపులో నా పెద్దకూతురుంది. మర్నాడు దిగొచ్చి చూస్తే ఊళ్ళో ఒక్క ఇల్లు లేదు. మనుషులం మాత్రం అందరం ఉన్నాం. నువ్వు సొరచేపని కసిరావని నేనెప్పుడూ దేవుడికి దండం పెట్టుకోలేదు బావా. నువ్వు ముందు పరిగెత్తావని పెట్టుకుంటాను, ఇప్పటికీ."

కప్పు మీద రేకొకటి టపటపా కొట్టుకుంది. మానోవా గుమ్మం వైపు చూశాడు, పిల్లలున్న వైపు. ఎరోని గిన్నె మీదకి తల వంచాడు. ఆయన కళ్ళు తడిశాయో, యంగోనా ఘాటో, లివాయ్‌కి తెలియలేదు.

"పరిగెత్తానంటావేంటే?" అన్నాడు చివరికి. "నలుగురూ చేరేలోగా ఎవరో ఒకరు ముందెళ్ళి ఆ బడి కప్పు పట్టుకోవాలా వద్దా? కొత్త కప్పు అది. దాని మీద ఎవడికైనా నమ్మకం ఉందా?"

"లేదు బావా."

"అది ఎగిరిపోతే మీరంతా ఎక్కడ తల దాచుకునేవారు?"

"ఎక్కడా లేదు బావా. ఆ కప్పు ఇప్పటికీ నీ మీదే ఆశ పెట్టుకుంది. లే మరి."

లివాయ్ ఒక్క ఉదుటున గిన్నె వంచి, అడుగున ఉన్నదంతా చిప్పలోకి పట్టి, రెండు చేతులతో ఎరోనికి అందించాడు. ఎరోని గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. గిన్నె ఖాళీ అయిందని లివాయ్ గట్టిగా చెప్పాడు, బయటి వాళ్ళకి కూడా వినబడేలా. అందరూ చప్పట్లు కొట్టారు. ఎరోని మోకాళ్ళు పట్టుకుని లేచాడు, లేస్తూనే లోపలి గది వైపు తిరిగి తన దిండు ఎక్కడుందని అడిగాడు.

ఆయన వంతెన మీద కాలు పెట్టగానే చర్చి మెట్ల మీద ఆడవాళ్ళంతా మూటలెత్తుకున్నారు. మానోవా ఇద్దరు పిల్లల్నీ రెండు భుజాల మీద ఎక్కించుకుని దాదాపు పరిగెత్తాడు. లివాయ్ భార్య పాప తల మీద గుడ్డ కప్పి దాటింది. వాన మొదలైంది. పెనాయా నెమ్మదిగా, ప్రతి పలకా కర్రతో తట్టి చూసుకుంటూ దాటాడు, వెనక ఉన్నవాళ్ళు తిట్టుకుంటున్నా వినిపించుకోలేదు. ఇళ్ళన్నీ ఒకసారి చూసొచ్చి, ఎవరూ మిగల్లేదని తేల్చుకుని, ఆఖర్న లివాయ్ వచ్చాడు. అప్పటికి నీళ్ళు పలకల మీద నుంచి పారుతున్నాయి. చీలమండలు తడిశాయి, నడిమధ్యకొచ్చేసరికి పిక్కల దాకా వచ్చాయి. వంతెన పక్కన కట్టిన తాడు పట్టుకుని అవతలి గట్టెక్కి వెనక్కి చూస్తే వంతెన లేదు. భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది.

కొండ దారిలో సగం పైన ఎరోని ఆగి ఇదంతా చూస్తున్నాడు. చుట్టూ జనం, చంకలో దిండు.

"చూశారా!" అని కేకేశాడు. "చూశారా ఆ నీళ్ళకి ఎంత భయమో! నేను దాటేదాకా ఒక్క పలకైనా ముట్టుకుందా? ముట్టుకుంటే చెప్పండి!"

"ఎలా ముట్టుకుంటాయి బావా?" అంది లితియా, మూట ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ. "నువ్వు దాటినప్పుడు అవింకా కందావు దగ్గరే ఉన్నాయి."